గడప మీద పిల్లలు: కష్టమైన వెలుతురులో బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముతో ఫోటోలు తీయడం ఎలా

మధ్యాహ్నం రెండింటికి ఒడిశాలోని బరంపురం పాత వీధుల్లోకి వెళ్లండి. బయట కళ్లు చిట్లించే ఎండ. గడప దాటితే కాసేపు ఏమీ కనపడనంత చీకటి. ఆ రెంటికీ నడుమ గడప మీద కూర్చుని మరమరాలు తింటూ ఓ పిల్ల. మన కంటికి ఎండా, చీకటీ, పిల్లా అన్నీ కనిపిస్తాయి. ఫిల్ముకు అలా కాదు. వీధిలోని ఎండకూ గది మూలకూ ఎనిమిది తొమ్మిది స్టాపుల తేడా ఉంటుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు). దేన్ని వదులుకోవాలో ముందే తేల్చుకోకపోతే రెండూ పోతాయి.

పిల్లల ముఖంలో ఒక భావం అర సెకను కూడా నిలవదు. కెమెరా కంటికి ఆనించాక వెలుతురు కొలిచే మీటరు చూసి, రింగు తిప్పి, ఫోకస్ సరిచేసుకునేలోపు ఆ పిల్ల లేచి వెళ్లిపోతుంది, లేదా మిమ్మల్ని చూసి పోజు పెట్టేస్తుంది. అందుకే కింద చెప్పే ప్రతి పద్ధతీ ఒక్క పని కోసమే: కెమెరా పైకి లేచేసరికి వెలుతురు లెక్క, దూరం లెక్క రెండూ పూర్తయి ఉండాలి.

రీలు, కెమెరా

ఒకే రకం రీలు పట్టుకుని దాన్నే ఏడాది పాటు వాడండి. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ గానీ కొడాక్ ట్రై-ఎక్స్ 400 గానీ. రెండూ 400 వేగం రీళ్లే, అంటే వెలుతురును పట్టే చురుకు 400. రెంటికీ ఒక సుగుణం ఉంది: వెలుతురు ఒకటి రెండు స్టాపులు ఎక్కువ పడినా ఫోటో దక్కుతుంది. తక్కువ పడితే మాత్రం నీడలోని వివరం పోతుంది, దాన్ని తర్వాత ఎవరూ తేలేరు. అనుమానం వస్తే ఎప్పుడూ ఎక్కువ వైపే మొగ్గండి.

కెమెరా పాత పెంటాక్స్ కె1000 అయినా చాలు. 50 ఎంఎం ఎఫ్ 2 లెన్సు ఒకటి ఉండాలి (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది), ఇరుకు ఇళ్లకు 35 ఎంఎం దొరికితే మరీ మంచిది. ఫ్లాష్ ఇంట్లో పెట్టేసి రండి. ఒక్కసారి వెలిగితే ఆ పూటకు పిల్లల ఆట ఆగిపోతుంది.

రీలు ఎక్కించాక లీవరు తిప్పేటప్పుడు ఎడమవైపు రివైండ్ నాబ్ కూడా తిరుగుతోందా అని చూడండి. తిరగకపోతే ఫిల్ము పళ్లకు పట్టలేదన్న మాట. 36 ఫోటోలు తీశామనుకుని ఖాళీ రీలు కడిగే ప్రమాదం ఇక్కడే ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన రీలు డబ్బా మూతను కనీసం గంటసేపు తెరవొద్దు. తెరిస్తే కోస్తా గాలిలోని తేమ ఫిల్ము మీద నీరై కూర్చుంటుంది. వేసవిలో కారు డ్యాష్‌బోర్డు మీద, బైకు డిక్కీలో రీళ్లు వదలకండి. వేడికి పొగచూరినట్టు మసక పడుతుంది.

మీ అరచెయ్యే కొలత

కెమెరాలోని మీటరు తన ముందున్నదంతా నడిమి బూడిదరంగు అనుకుంటుంది. తెల్ల సున్నపు గోడ చూపిస్తే వెలుతురు తగ్గించమంటుంది, అప్పుడు పిల్ల ముఖం నల్లబడుతుంది. చీకటి గది చూపిస్తే పెంచమంటుంది, ముఖం సున్నం కొట్టినట్టు అవుతుంది. దీనికి తేలికైన మందు అరచెయ్యి. మనిషి ఒంటి రంగు ఏదైనా అరచెయ్యి దాదాపు ఒకేలా, నడిమి బూడిదరంగు కన్నా ఒక స్టాపు తేటగా ఉంటుంది.

1. పిల్ల ముఖం మీద ఏ వెలుతురు పడుతోందో అదే వెలుతురులో, అదే దిక్కుకు తిప్పి మీ అరచెయ్యి పట్టండి. పిల్ల దగ్గరికి వెళ్లక్కర్లేదు. అదే వసారాలో, అదే నీడలో నిలబడితే చాలు.
2. ఫ్రేము నిండా అరచెయ్యే కనపడేలా కెమెరా దగ్గరికి తెచ్చి మీటరు చూడండి. మీ నీడ చేతి మీద పడకూడదు.
3. వచ్చిన లెక్క కన్నా ఒక స్టాపు ఎక్కువ ఇవ్వండి. మీటరు 1/125, ఎఫ్ 4 అంటే మీరు 1/125, ఎఫ్ 2.8 పెట్టాలి (1/125 అంటే షట్టరు తెరిచి ఉండే సెకను భాగం).
4. ఇక ఆ రింగుల జోలికి పోవద్దు. పిల్ల వేరే వెలుతురులోకి వెళ్లేదాకా మీటరు ఏం చూపినా పట్టించుకోకండి.

కొన్నాళ్లకు చెయ్యి చాపకుండానే అంచనా వస్తుంది. 400 రీలుకు ఈ కొలతలు నోటికి పెట్టుకోండి. నడి ఎండ అయితే 1/500, ఎఫ్ 16. ఆకాశం ధారాళంగా కనిపించే నీడలో 1/500, ఎఫ్ 5.6. చూరు కింద అరుగు మీద 1/250, ఎఫ్ 2.8. గది లోపల తలుపు పక్కన 1/125, ఎఫ్ 2. ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే, గోడ రంగును బట్టీ వీధి వెడల్పును బట్టీ ఒక స్టాపు అటూ ఇటూ మారతాయి.

పగటిపూట షట్టరు విషయంలో బేరం లేదు. కుదురుగా కూర్చున్న పిల్లకు 1/125, ఆడుతుంటే 1/250, పరుగెడితే 1/500. వెలుతురు చాలకపోతే లెన్సు తెరవండి, అదీ చాలకపోతే పిల్లలు కుదురుగా ఉండే పనిలో పడేదాకా ఆగండి.

గడప దగ్గర

ఇక్కడ కాస్త నిలిచి చూద్దాం, ఎందుకంటే ఈ ప్రాంతంలో మంచి ఫోటోల్లో సగం గడప దగ్గరే దొరుకుతాయి.

మీరు ఎక్కడ నిలబడ్డారన్న దాన్ని బట్టి ఒకే పిల్ల మూడు ఫోటోలవుతుంది. గది లోపల నిలబడి వీధి వైపు తీస్తే పిల్ల నల్లటి ఆకారంగా మిగులుతుంది. ముఖం కావాలంటే ఎండను వదిలేసి వీధి తెల్లగా పేలిపోనివ్వాలి. వీధిలో నిలబడి లోపలికి తీస్తే ముఖం మీద ఆకాశపు వెలుతురు మెత్తగా పరుచుకుంటుంది, వెనక గది నల్లగా పోతుంది. అన్నిటికన్నా తేలిక ఇదే, కొత్తవాళ్లు దీంతోనే మొదలుపెట్టాలి. మూడోది తలుపు చట్రానికి ఆనుకుని పక్కనుంచి తీయడం. సగం ముఖం వెలుగులో, సగం చీకట్లో ఉంటుంది.

ఈ మూడోదే అందమైనది, తేలిగ్గా చెడేదీ ఇదే. వెలుగు చెంపకూ చీకటి చెంపకూ మూడు స్టాపుల తేడా ఉంటుంది. ఎదురుగా సున్నం వేసిన గోడ ఉంటే అది చీకటి చెంప మీదికి కొంత వెలుతురు తిప్పి పంపుతుంది, తేడా రెండుకు తగ్గుతుంది. ముదురు నీలమో ఆకుపచ్చో రంగు గోడైతే ఆ సాయం ఉండదు. తలుపు రెండో రెక్క మూసి ఉంటే పిల్ల అక్కడికి చేరకముందే ఇంటివాళ్లనడిగి తీయించండి. పిల్ల కూర్చున్నాక ఇక ఏదీ కదపొద్దు. కదలాల్సింది మీరే, ఒక అడుగు అటో ఇటో.

అరచేతి కొలత చీకటి చెంప వైపు తీసుకుని దానికన్నా ఒక స్టాపు తక్కువ ఇవ్వండి. ఈ కొలతకు మాత్రం మూడో మెట్టులోని ఒక స్టాపు కలపొద్దు. చీకటి చెంపలో కన్ను కనపడాలి, అంతే. మన పిల్లల గోధుమ, నలుపు ఛాయల్లో ఆ కన్ను పోయిందంటే ముఖం సగం తెగినట్టు ఉంటుంది. వెలుగు చెంప కొంచెం తేటబడినా ప్రింటులో దింపుకోవచ్చు.

ఇప్పుడు దూరం. ఎఫ్ 2 దగ్గర 50 ఎంఎం లెన్సుతో 2 మీటర్లలో ఉన్న పిల్లను తీస్తే స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 20 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. పిల్ల ముందుకు వంగి ఒక గుప్పెడు మరమరాలు తీసుకుందంటే ఫోకస్ దాటిపోయినట్టే. అందుకని కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ పెట్టి రింగు వదిలేయండి. ఆ తర్వాత మీ ఒళ్లే ముందుకూ వెనక్కూ రెండు వేళ్ల మేర ఊగుతూ సరిచేసుకోవాలి. రింగు తిప్పడం కన్నా ఇదే త్వరగా అవుతుంది.

కూర్చోండి, లేదా మోకాళ్ల మీద ఉండండి. లెన్సు పిల్ల కంటి ఎత్తులో ఉండాలి. నిలబడి తీస్తే నడినెత్తీ నేలా తప్ప ముఖం రాదు, పైగా చూరు కింద వెలుతురు కిందినుంచీ పక్కనుంచీ వస్తుంది కాబట్టి పైనుంచి చూస్తే కళ్లు గుంటల్లా ఉంటాయి.

చెట్టు కింద

చింతచెట్టు నీడ చల్లన, ఫోటోకు మాత్రం కష్టం. చిన్న ఆకుల మధ్యనుంచి జారే ఎండ చుక్కలు ముఖం మీద పడితే రంగుల్లో కన్ను విడదీసి చూస్తుంది, నలుపు తెలుపులో అవి మచ్చల్లా మిగులుతాయి. మామిడి, మర్రి నీడ చిక్కగా ఉంటుంది, అక్కడ కూర్చోండి. చింతచెట్టు తప్పకపోతే నీడ అంచుకు జరిగి, పిల్లల ముఖాలు నీడలోకి పూర్తిగా వచ్చిన క్షణంలోనే నొక్కండి.

జూన్ నడుమ రజ పండుగ మూడు రోజులూ ఒడిశా ఊళ్లలో చెట్లకు ఉయ్యాలలు కడతారు. వానకు ముందు మబ్బు పట్టిన ఆకాశం ఉంటే అంతకన్నా మంచి వెలుతురు లేదు. ఉయ్యాల నడిమధ్యలో అన్నిటికన్నా వేగంగా పోతుంది, రెండు చివర్లలో ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగే చోటుకు ముందే ఫోకస్ పెట్టి ఉంచండి. 1/125 కూడా సరిపోతుంది. నడుమ తీయాలంటే 1/500 ఉన్నా అంచులు చెదురుతాయి.

గోళీలు, తొక్కుడుబిళ్ల లాంటి ఆటలకు మరో పద్ధతి. 35 ఎంఎం లెన్సు ఎఫ్ 8 దగ్గర పెట్టి 3 మీటర్లకు ఫోకస్ చేస్తే సుమారు 1.9 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. 50 ఎంఎం అయితే అదే ఎఫ్ 8 దగ్గర 2.3 నుంచి 4.2 మీటర్ల దాకానే. ఆట ఆ మేరలోకి రాగానే నొక్కడమే, ఇక ఫోకస్ ముట్టుకోనక్కర్లేదు.

గోపాల్‌పూర్ ఇసుక మీద

బరంపురానికి దగ్గరి గోపాల్‌పూర్ తీరంలో వేటకు వెళ్లే కుటుంబాల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. పడవల నీడల్లో, ఆరేసిన వలల మధ్య పిల్లలు రోజంతా ఉంటారు. ఈ తీరం తూర్పు ముఖం. పొద్దున సూర్యుడు సముద్రం మీదినుంచి వస్తాడు కాబట్టి ఊరివైపు నిలబడి తీస్తే పిల్లలందరూ వెనక వెలుతురులో నల్లబడతారు. పొద్దున ముఖాలు కావాలంటే నీళ్ల వైపు వెళ్లి ఊరివైపు తిరగండి. సాయంత్రం దీనికి తిరగేసి.

తెల్ల ఇసుకా తడి ఇసుకా మీటరును బాగా మోసం చేస్తాయి. నేరుగా చూస్తే ఒకటిన్నర రెండు స్టాపులు తక్కువ ఇస్తుంది. ఇక్కడ అరచేతి లెక్క తప్ప వేరేది నమ్మొద్దు. వెనక వెలుతురులోనే తీయాలనుకుంటే అరచెయ్యి నీడవైపు పట్టి కొలవండి, నడి ఎండ లెక్క కన్నా రెండు స్టాపులు ఎక్కువ, అంటే 1/500, ఎఫ్ 8 దగ్గర తేలుతుంది. పసుపు ఫిల్టరు వేస్తే ఆకాశం కాస్త దిగుతుంది, కానీ ఒక స్టాపు వెలుతురు తింటుంది.

ఇసుక గాలి వీస్తుంటే రీలు అక్కడ మార్చకండి. ఒక్క రేణువు ఫిల్మును వెనకనుంచి అదిమిపట్టే ప్రెజర్ ప్లేటు కింద చేరితే 36 ఫోటోల మీదా ఒకే గీత పడుతుంది. పడవ చాటుకో ఇంట్లోకో వెళ్లి మార్చండి. ఇంకొకటి మరిచిపోవద్దు. పిల్లలు మిమ్మల్ని చూస్తూ వెనక్కి నడుస్తారు. వాళ్ల వీపు ఎప్పుడూ కెరటాల వైపు ఉండకుండా చూసుకోవడం మీ బాధ్యత.

దీపాలు పెట్టాక

బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణీ యాత్రలో మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు, పిల్లలు కూడా. రాత్రి వెలుతురు చాలదు కాబట్టి రీలును 1600గా వాడాలి, అంటే 400 రీలునే 1600 వేగమన్నట్టు లెక్కగట్టి తీసి, ఎక్కువసేపు కడగాలి. దీన్నే పుష్ చేయడం అంటారు. పుష్ చేస్తే ఫిల్ము నిజంగా వేగం పుంజుకోదు. నడిమి రంగులూ తేట రంగులూ పైకి లేస్తాయి, నీడలు మాత్రం ఉన్నచోటే ఉండి నల్లబడతాయి. అందుకే ముఖం మీద కనీసం ఒక దీపపు వెలుతురైనా నేరుగా పడుతున్నప్పుడే పుష్ పనికొస్తుంది.

పై నుంచి కొట్టే పెద్ద లైట్ల కింద కళ్లు గుంటలవుతాయి. కిరాణా కొట్టు ముందుకు వెళ్లండి. అక్కడ బల్బు తక్కువ ఎత్తులో వేలాడుతుంది, బిస్కెట్ల సీసా వైపు తలెత్తి చూసే పిల్లాడి ముఖమంతా వెలుగుతుంది. 1/60 లేదా 1/125, ఎఫ్ 2. బల్బు ఫ్రేములో ఉంటే మీటరు తప్పు చెబుతుంది, కొలిచేటప్పుడు దాన్ని చేత్తో మరుగు పరచండి. చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టరు 1/125, అంతకన్నా వేగంగా ఉంటే ఫోటోలో అడ్డపట్టీలు రావచ్చు. వాటి కింద 1/60 మీదే ఉండండి.

రీలు సగంలో 400 నుంచి 1600కి మారడం కుదరదు. కడిగేది రీలు మొత్తాన్నీ ఒకే కాలం. రాత్రికి వేరే రీలు పెట్టి, తీసిన వెంటనే డబ్బా మీద మార్కరుతో వేగం రాయండి.

ఇంటివాళ్లతో, పిల్లలతో

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, కోరాపుట్ ప్రాంతాలు అటు చేరాయి, అక్కడి తెలుగు ఇళ్లు అక్కడే ఉండిపోయాయి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వీధుల్లో చాలామంది పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఆట ఏ భాషలో నడుస్తోందో ఆ భాషలోనే జవాబు చెప్పండి, అదీ ఒక్క మాటలో.

ముందు తల్లినో నాన్నమ్మనో అడగండి. "అక్కా, పిల్లలు ఆడుకుంటుంటే ఫోటోలు తీస్తాను. వాళ్లను పిలవొద్దు, చొక్కా మార్చొద్దు, వాళ్ల మానాన వాళ్లను ఉండనివ్వండి" అని ఇంత స్పష్టంగా చెప్పాలి. లేకపోతే ప్రేమకొద్దీ లోపలికి తీసుకెళ్లి, తల దువ్వి, పౌడరు రాసి తెచ్చి నిలబెడతారు. వద్దన్నచోట మారు మాట్లాడకుండా వచ్చేయండి. బడిలో అయితే హెడ్మాస్టరు అనుమతి ముందు. బట్టలు లేని పిల్లల్ని, ఏడుస్తున్న, దెబ్బ తగిలిన పిల్లల్ని తీయొద్దు. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది.

కెమెరా చూడగానే పిల్లలంతా వరసగా నిలబడతారు. ఆ ఫోటో ఒకటి మనస్ఫూర్తిగా తీయండి, అది వాళ్లకు కావాల్సింది. తర్వాత కెమెరా ఒళ్లో పెట్టుకుని అరుగు మీద ఇరవై నిమిషాలు కూర్చోండి. ఆట మళ్లీ మొదలవుతుంది. నొక్కిన చప్పుడుకు పిల్ల తలెత్తితే కెమెరా దించొద్దు. నెమ్మదిగా లీవరు తిప్పి అలాగే ఉండండి, చూపు తిరిగి ఆట మీదికి వెళ్లాక వచ్చే రెండో ఫోటోయే చాలాసార్లు నిలుస్తుంది.

రీలు కడగడం

ఐడీ-11 డెవలపర్‌లో (ఫిల్ము మీద బొమ్మను తేల్చే మందు), 20 డిగ్రీల దగ్గర హెచ్‌పీ5కు లెక్కలివి. 400గా తీస్తే ఒకటికి ఒకటి నీళ్లు కలిపి 13 నిమిషాలు. 800కి నీళ్లు కలపకుండా 10½. 1600కి నీళ్లు కలపకుండా 14. గడప దగ్గరిలాంటి విపరీతమైన తేడాలున్న రీలును 200గా తీసి, ఒకటికి ఒకటి కలిపి 10½ నిమిషాలకే ఆపితే వెలుగు చెంప అదుపులో ఉంటుంది. ట్రై-ఎక్స్‌ను డీ-76 డెవలపర్‌లో ఒకటికి ఒకటి కలిపి 9¾ నిమిషాలు.

మే నెలలో కుళాయి నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి. డెవలపర్, హైపో (బొమ్మను నిలిపే మందు), కడిగే నీళ్లు అన్నిటినీ సీసాల్లో పోసి, కుండనీళ్లూ కాస్త ఐసూ వేసిన బకెట్‌లో గంట ఉంచండి. 20కి దిగకపోతే 24 దగ్గర ఆపి 13 నిమిషాలను 9కి తగ్గించండి. 5 నిమిషాల లోపు వచ్చే ఏ లెక్కా వద్దు, చారలు పడతాయి. అన్ని ద్రవాలూ ఒకే వేడిలో, రెండు డిగ్రీలకు మించని తేడాలో ఉండాలి.

1. ఫిల్ము కొస రెండు మూలలూ గుండ్రంగా కత్తిరించి, ఎముకలా ఎండిన రీలు చక్రానికి చీకట్లో ఎక్కించి, వెలుతురు చొరని ట్యాంకులో పెట్టి మూత బిగించండి. చెమట చేతులతో నల్లసంచీలో కుస్తీ పడితే ఫిల్ము అంటుకుపోతుంది. రాత్రి కిటికీలు మూసిన గదిలో చేయడం మేలు.
2. పాటర్‌సన్ ట్యాంకులో ఒక 35 ఎంఎం రీలుకు 290 మి.లీ. డెవలపర్ పోయాలి.
3. మొదటి 10 సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేయండి, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ నాలుగుసార్లు. ప్రతిసారీ ట్యాంకును బల్ల మీద తట్టి బుడగలు వదిలించండి.
4. సమయం కాగానే డెవలపర్ తీసేసి, నీళ్లతో ఒకసారి తొలిచి హైపో పోయండి. ఎంతసేపు ఉంచాలో ముందే తేల్చుకోవాలి: కత్తిరించిన ఫిల్ము ముక్కను హైపోలో వేసి, అది తేటగా అయ్యేందుకు పట్టిన సమయానికి రెట్టింపు.
5. కొత్త నీళ్లు నింపి 5 సార్లు, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు తలకిందులు చేసి పారబోయండి. ఆఖరి తొలుపు డిస్టిల్డ్ వాటర్‌తో. బోరు నీళ్లయితే సున్నపు మరకలు మిగులుతాయి.
6. ఫ్యాను ఆపి, నీళ్లు చల్లి దుమ్ము అణిచిన స్నానాలగదిలో ఆరేయండి.

నెగటివ్ పల్చగా వస్తే వెంటనే అంచులు చూడండి. అక్కడి అక్షరాలు, అంకెలు ఫ్యాక్టరీలో ముద్రించినవి. అవి కూడా వెలవెలబోతే కడగడం తక్కువైంది: మందు పాతదో, చల్లనో, సమయం చాలలేదో. అక్షరాలు నల్లగా ఉండి ఫోటోలే పల్చగా ఉంటే తీసేటప్పుడు వెలుతురు చాలలేదు, అరచేతి లెక్క ఎక్కడో తప్పింది. ఫిల్ము పాలవిరుగుడులా మసగ్గా ఉంటే హైపో చాలలేదు, మళ్లీ అందులో వేస్తే తేరుకుంటుంది. నెలవంక ఆకారపు మచ్చలు ఎక్కించేటప్పుడు ఫిల్ము మడత పడినచోట వస్తాయి. వాటికి మందు లేదు.

తీసిన ఇంటికి ప్రింటు ఇచ్చి రండి. వరసగా నిలబడ్డ ఫోటో ముందు, ఆటలోది తర్వాత. ఫైబర్ కాగితమైతే వెనక మెత్తని పెన్సిలుతో తేదీ వేయండి, ప్లాస్టిక్ పూత కాగితమైతే ఆరే మార్కరుతో. బాల్‌పెన్ను ఒత్తితే ఆ గీత ముందువైపు ముఖం మీద తేలుతుంది.